ఓడ ఎక్కే ముందు మాస్కు పంచాయితీ తేల్చుకోవడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి విహార ఓడ ఎక్కాలంటే మనకు దగ్గర రేవు చెన్నై. అంటువ్యాధి రోజుల్లో నలభై మంది కలిసి బయల్దేరుతుంటే, పెట్టెలు సర్దుకోవడం కన్నా ముందు తేల్చుకోవాల్సింది మాస్కు సంగతి. ఎక్కాక చూసుకుందాంలే అనుకుంటే తేలదు. ఒకరు మూతి బిగించుకుని, ఇంకొకరు గడ్డం కింద వేలాడేసుకుని కూర్చుంటారు, భోజనాల బల్ల దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ప్రయాణానికి వారం ముందు గంటన్నర కూర్చుంటే ఆ తగువు ఊళ్లోనే తీరిపోతుంది.

ముందు హద్దు గీయండి. ప్రభుత్వం పెట్టిన నియమాలు, ఓడ కంపెనీ పెట్టిన నియమాలు చర్చకు రావు. సముద్రం మీద కెప్టెన్ మాటే ఆఖరి మాట. బృందం వాటికన్నా కట్టుగా ఉండొచ్చు గానీ సడలించడానికి లేదు. కంపెనీ పంపిన కాగితాన్ని ఎవరిచేతనైనా తెలుగులో చదివించి, అందులో లేనివాటినే చర్చకు తీసుకోండి.

టికెట్లు కట్టించిన మనిషిని మధ్యవర్తిగా కూర్చోబెట్టొద్దు. ప్రయాణం ఆగితే ఆయనకే నష్టం కాబట్టి ఆయన ఏం చెప్పినా జనం అనుమానిస్తారు. రిటైరైన టీచరమ్మో, నర్సో ఉంటే మేలు. రాసుకోవడానికి ఇంకొకరు కావాలి. మాట్లాడేవాళ్లకు మనిషికి రెండు నిమిషాలు, గడియారం చూసి మరీ.

మొదటి పావుగంట అభిప్రాయాలకు కాదు, జరిగినవాటికి ఇవ్వండి. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో నిలిపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 712 మందికి కరోనా తేలింది. ప్రయాణికులను గదుల్లో ఉంచారు గానీ, వండి వడ్డించే సిబ్బంది ఇరుకు గదుల్లో కలిసి ఉంటూనే పనిచేశారు. అదే ఏడాది మార్చిలో అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి అంటార్కిటికా వైపు వెళ్లిన గ్రెగ్ మార్టిమర్ ఓడలో అందరికీ ఎక్కే ముందే జ్వరం ఉందేమో చూశారు. ఎనిమిదో రోజున తొలి జ్వరం కనబడింది, మాస్కులు పంచింది అప్పుడే. ఆఖరికి 217 మందిలో 128 మందికి పాజిటివ్. వాళ్లలో 81 శాతం మందికి ఏ లక్షణమూ లేదు.

ఈ రెండో ఓడ కథను ఇరుపక్షాలూ లాక్కుంటాయి. “మాస్కులు పంచినా 128 మందికి వచ్చింది గదా” అని ఒకరంటారు. మధ్యవర్తి అక్కడ ఆపి ఎనిమిదో రోజు సంగతి గుర్తుచేయాలి. లక్షణాలు లేనివాళ్లే ఎక్కువైన జబ్బుకు, జ్వరం వచ్చాక మాస్కు పెట్టుకోవడమంటే ఆలస్యమైనట్టే. అలాగని మాస్కు ఉంటే ఏమీ రాదనేవాళ్లనూ ఆపాలి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, సుమారు 3.4 లక్షల మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్షలో సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, పెట్టుకోమని పదేపదే గుర్తుచేశారు. సరిగా పెట్టుకునేవాళ్లు పంచని ఊళ్లలో 13 శాతం ఉంటే, పంచిన ఊళ్లలో 42 శాతం. లక్షణాలతో వచ్చిన కరోనా, రక్తపరీక్షలో రుజువైనంత వరకు, పంచిన ఊళ్లలో దాదాపు తొమ్మిదిన్నర శాతం తక్కువ. ఉపయోగం ఉంది, కానీ అది కవచకుండలం కాదు. అంత గుర్తుచేసినా సగం మందికి పైగా పెట్టుకోలేదన్నది కూడా గదిలో వినిపించాలి. నియమం రాయడం వేరు, నడపడం వేరు.

ఆ తర్వాత మాస్కు మంచిదా చెడ్డదా అని ఓటు పెట్టొద్దు. పొద్దుపోయినా తేలదు. బోర్డు మీద చోట్ల పేర్లు రాయండి: బస్సు, రేవులో క్యూ, లిఫ్టు, నడవా, నాటకశాల, భోజనశాల, పైడెక్కు, సొంత గది. ఒక్కో చోటికి మూడే ప్రశ్నలు. గాలి ఆడుతుందా? ఎంతమంది ఉంటారు? ఎంతసేపు? మైపాడు ఒడ్డున దూరదూరంగా నిలబడినవాళ్లకు ఉండే ముప్పు వేరు, తలుపులేసిన ఏసీ హాల్లో రెండు గంటలు పాటలు విన్నవాళ్లకు ఉండే ముప్పు వేరు. పైడెక్కు మీద గుంపు లేకపోతే మాస్కు అక్కర్లేదని, లిఫ్టులో తప్పనిసరని చాలామంది ఇట్టే ఒప్పుకుంటారు. జనం మరిచిపోయే చోటు బస్సు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు అద్దాలు బిగించుకుని పోతాం. నియమం ఓడ మెట్ల దగ్గర కాదు, బస్సు మెట్ల దగ్గర మొదలవ్వాలి. ఇంకోటి, ఓడ కదిలే ముందో కదలగానేనో జరిగే ప్రమాద డ్రిల్లు. అందరినీ ఒకేచోట నిలబెడితే అక్కడా మాస్కు ఉండాలి.

అసలు చిక్కు భోజనశాల. తింటూ మాస్కు పెట్టుకోలేం. కాబట్టి అక్కడ వాదన మాస్కు మీద కాకుండా వేళల మీద నడపండి. నలభై మందీ ఒకేసారి కాకుండా రెండు పంక్తులు, ఒకే గదివాళ్లు ఒకే బల్ల, తినడం అయిపోగానే కబుర్లు పైడెక్కు మీద.

అభ్యంతరాలను కొట్టిపారేయొద్దు. “ఊపిరాడదబ్బా” అనే ఆస్తమా మనిషి ముందుగా డాక్టరును అడిగి రావాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు వద్దని మన కేంద్ర ఆరోగ్యశాఖ 2021 జూన్‌లోనే చెప్పింది. పెదవులు చూసి మాట అర్థం చేసుకునే చెవిటివాళ్లతో మాట్లాడేటప్పుడు దూరం జరిగి మాస్కు దించాలి. సముద్రం పడక వాంతి వచ్చేవాళ్లు వెంటనే తీసేయాలి, తర్వాత కొత్తది పెట్టుకోవాలి. “రెండు డోసులూ వేయించుకున్నాం గదా” అనేవాళ్లకు జవాబు: టీకా జబ్బు ముదరకుండా బాగా కాపాడుతుంది, పక్కవాళ్లకు అంటకుండా పూర్తిగా ఆపదు. మన జిల్లాలో కూర్చున్నాక కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చిన నాటుమందు మాట రాకుండా ఉండదు. మందు ఒంట్లోకి పోయేది, మాస్కు గదిలో గాలికి సంబంధించింది అని చెప్పి ఆ చర్చను ఇంకో రోజుకు పెట్టండి.

చేతులెత్తి ఓటు వేయించొద్దు. పెద్దాయన చెయ్యెత్తితే కోడళ్లూ కుర్రాళ్లూ ఎత్తేస్తారు. చీటీలు పెట్టండి, ఒక్కో చోటికి ఒక్కో చీటీ. ఎక్కువమంది ఒప్పుకోని చోట కంపెనీ నియమమే ఉంటుంది.

రాసే నియమంలో ముగింపు కూడా ఉండాలి. కరోనా బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టొచ్చు కాబట్టి, ఇంటికొచ్చాక ముసలివాళ్ల దగ్గర ఎన్ని రోజులు పెట్టుకోవాలో తేదీ వేసి రాయండి. బృందంలో ఎవరికైనా జ్వరమొస్తే ఆ రోజు నుంచి సడలింపులన్నీ రద్దు, ఆ మనిషి గది దాటకుండా ఓడ డాక్టరుకు కబురు. గుర్తుచేసే పని ఇద్దరికి అప్పజెప్పండి, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. అందరిముందూ అరవకుండా పక్కకు పిలిచి చెప్పడమే వాళ్ల పని.

లెక్క ఇది: నాలుగు రాత్రుల ప్రయాణమంటే అయిదు రోజులు, మనిషికి రోజుకు రెండేసి సర్జికల్ మాస్కులు (మూడు పొరలవి), నలభై మందికి 400. ఉప్పుగాలికీ చెమటకీ తడిసేవి ఉంటాయి కాబట్టి ఇంకో 50. యాభై ఉండే పెట్టెలు తొమ్మిది. అరవై దాటినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఎన్-95 విడిగా కొనండి. కవాటం (వాల్వు) ఉన్నవి వద్దు, అవి వదిలే ఊపిరిని వడకట్టవు. బయల్దేరే రోజు బస్సు ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి ముక్కు తీగ నొక్కించి చూడండి. కళ్లద్దాలకు ఆవిరి పడుతుంటే పైన సందు ఉన్నట్టే, మళ్లీ సరిచేసి పెట్టించాకే సీట్లో కూర్చోబెట్టండి.