కారులో హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

అరకు, లంబసింగి వైపు ట్రెక్కింగ్‌కి కొన్న, చేతిలో పట్టుకునే జీపీఎస్‌నే కారులోనూ వాడుకోవాలంటే చాలామంది ముందు ఫోన్ హోల్డర్‌లో పెట్టి చూస్తారు. అది కుదరకపోవడానికి బరువు కారణం కాదు. గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 20 మోడల్ బ్యాటరీలతో కలిపి 142 గ్రాములే, జీపీఎస్‌మ్యాప్ 64 అయితే 260 గ్రాములు. చిక్కంతా మందంతోనే. ఈట్రెక్స్ 3.3 సెం.మీ. మందం ఉంటుంది, పైగా దాని బటన్లు పక్కల ఉంటాయి.

అద్దానికి పెట్టిన సక్షన్ కప్పు ఊడి పడుతోంది

ఎప్పుడు ఊడుతోందో గమనించండి. పెట్టిన పది నిమిషాల్లోనే పడిపోతే అద్దం మురికిగా ఉన్నట్టు. ఎండకి డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అద్దం లోపలివైపు జిడ్డు పొరలా పేరుకుంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో కిటికీలు దించి తిరిగే కార్లకి ఉప్పు తేమ కూడా తోడవుతుంది. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక స్పిరిట్‌తో ఇంకోసారి తుడవండి. కప్పుని చెయ్యి పట్టగలిగేంత వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే గట్టిపడిన అంచు మెత్తబడుతుంది. పూర్తిగా ఆరబెట్టి నొక్కండి. ఉమ్ము రాసి అంటిస్తే కాసేపు పట్టుకుని, ఆరగానే వదిలేస్తుంది. అద్దం అంచున నల్లచుక్కలు ఉన్న చోట పెట్టకండి, చుక్కల మధ్య నుంచి గాలి దూరుతుంది.

ఎండలో పార్క్ చేసి వచ్చేసరికి పడి ఉంటే మురికి కారణం కాదు. కప్పు కింద మిగిలిన గాలి వేడికి వ్యాకోచించింది, రబ్బరు మెత్తబడింది. దీనికి మందు లేదు, పార్క్ చేసేటప్పుడు తీసేయడమే. విశాఖ ఎండలో కప్పు మీద పూర్తి భరోసా పెట్టుకోలేం. కాబట్టి జీపీఎస్‌కున్న దారం కన్నానికి నైలాన్ తాడు కట్టి, రెండో కొసని కప్పుకి కాకుండా కారులో వేరే గట్టి భాగానికి కట్టండి.

డ్యాష్‌బోర్డు మీద టేపు, వెల్‌క్రో లేచిపోతున్నాయి

డ్యాష్‌బోర్డుకి మెరుపు కోసం రాసే పాలిష్‌లో సిలికోన్ ఉంటే దాని మీద ఏ జిగురూ నిలవదు. స్పిరిట్‌తో రెండుసార్లు, రెండోసారి కొత్త గుడ్డతో తుడవండి. మామూలు ఫోమ్ టేపు బదులు ఆక్రిలిక్ ఫోమ్ డబుల్ సైడ్ టేపు తీసుకోండి. అర నిమిషం గట్టిగా నొక్కి, బరువు పెట్టకుండా కనీసం ఒక రోజు వదిలేయండి. ఆ టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అంటించిన వెంటనే పెట్టి బయల్దేరడం వల్లే ఎక్కువసార్లు ఊడుతుంది. హాట్ గ్లూ వద్దు, ఎండ వేడికి మెత్తబడుతుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు చుట్టూ ప్లాస్టిక్‌ని తెల్లగా చేసేస్తుంది, కుదుపులకి పెళుసుగా విరుగుతుంది.

వెల్‌క్రోని ఈట్రెక్స్ వెనక మూత మీద అంటించారంటే, లాగినప్పుడు ఆ బలమంతా బ్యాటరీ మూత మీద పడుతుంది, దాన్ని తిప్పే రింగు కూడా కప్పబడిపోతుంది. వెనకవైపు పట్టాలాంటి గాడి ఉంది కదా, క్లిప్పు ఎక్కేది, దాన్నే వాడుకోండి.

ఇసుక సంచి: అన్నిటికన్నా నమ్మకమైనది, కానీ జారుతోందంటే

పాత జీన్స్ గుడ్డ, సుమారు 25 × 18 సెం.మీ. సంచి. రెండు వరసల కుట్టు. లోపల కడిగి ఎండబెట్టిన నది ఇసుక 800 గ్రాములు, రెండు జిప్ కవర్లలో. బీచ్ ఇసుక వద్దు, అందులోని ఉప్పు తేమ పీల్చి గుడ్డని చెమ్మగా ఉంచుతుంది. అడుగున డ్రాయర్లలో పరిచే జారని జాలీ మ్యాట్ ముక్క కుట్టండి, పూర్ణామార్కెట్ ప్లాస్టిక్ సామాన్ల షాపుల్లో అడిగి చూడండి. పైన చిన్న ప్లైవుడ్ ముక్క, దానికి జీపీఎస్ వెనక గాడిలో ఎక్కే క్లిప్పు రెండు చిన్న బోల్టులతో.

జారుతోందంటే సంచి బిగువుగా నిండిపోయి ఉంటుంది. గట్టి సంచి కింద కొద్ది చోటే ఆనుతుంది. మూడొంతులే నింపితే వదులుగా పరుచుకుని డ్యాష్‌బోర్డు వంపు పట్టుకుంటుంది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అది తెరుచుకుంటే సంచి మనిషి మీదికి వస్తుంది. మధ్యలో, చూపుకి అడ్డం రాని ఎత్తులో ఉంచండి.

దానంతటదే ఆఫ్ అవుతోంది, లేదా లైటు వెలుగుతూ ఆరుతోంది

ఫోన్ హోల్డర్ చెయ్యి జీపీఎస్ పక్కనున్న పవర్ బటన్‌ని నొక్కుతోంది. పాత హవాయి చెప్పు అడుగు నుంచి 4 మి.మీ. మందం ముక్కలు కోసి, బటన్‌కి పైనా కిందా ఆనేలా హోల్డర్ చేతులకి అంటించండి. బటన్ దగ్గర ఖాళీ ఉండాలి.

కేబుల్ పెట్టగానే మ్యాప్ పోయి కంప్యూటర్ బొమ్మ వస్తోంది

జీపీఎస్ తనని కంప్యూటర్‌కి కలిపారనుకుంటోంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడండి, లేదా సెటప్‌లో సిస్టమ్, ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి గార్మిన్ స్పానర్ అనే ఆప్షన్ ఎంచుకుని, మాస్ స్టోరేజ్ (కంప్యూటర్‌కి డిస్కులా కలవడం) అడిగితే నో అనండి. ఈట్రెక్స్ 20 యూఎస్‌బీ నుంచి నడుస్తుంది గానీ లోపలి డబుల్ ఏ సెల్స్‌ని ఛార్జ్ చేయదు. అయినా సెల్స్ తీయకండి, ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఛార్జర్‌కి కరెంటు ఒక క్షణం పడిపోతే అవే ఆదుకుంటాయి.

గట్టిగానే నిలిచింది, కానీ శాటిలైట్లు పోతున్నాయి

మూడు సంగతులు వరసగా చూడండి. మొదట ఛార్జర్ పీకండి. సిగ్నల్ బార్లు వెంటనే లేస్తే ఆ చవక ఛార్జర్ రొదే కారణం. జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్‌లో వినే సిగ్నల్ చాలా బలహీనం. ఛార్జర్‌ని, డ్యాష్‌క్యామ్‌ని ఒక అడుగు దూరం జరపండి లేదా ఛార్జర్ మార్చండి. తర్వాత పెట్టిన తీరు చూడండి. జీపీఎస్‌మ్యాప్‌లా పైకి పొడుచుకొచ్చిన యాంటెన్నా ఉంటే నిలువుగా, లేకపోతే ముఖం ఆకాశం వైపు వాల్చి పెట్టాలి. అప్పటికీ పోతుంటే అద్దాన్ని అనుమానించండి. లోహపు పొర ఉన్న అద్దం, ఫిల్మ్ సిగ్నల్‌ని ఆపుతాయి. ఘాట్‌లో కొండ, చెట్ల కింద మాత్రమే పోతుంటే మౌంట్‌లో తప్పు వెతకక్కర్లేదు.

ఆగి ఉన్నప్పుడు బాణం తప్పు దిక్కు చూపితే మ్యాగ్నెట్ హోల్డర్ కారణం కావచ్చు. ఎలక్ట్రానిక్ కంపాస్ ఉన్న మోడల్‌ని దాని దగ్గర ఉంచకండి. అక్కడి నుంచి తీశాక కంపాస్‌ని మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి.

ఏసీ వెంట్ క్లిప్పు

ఈట్రెక్స్‌ని మోస్తుంది, జీపీఎస్‌మ్యాప్ బరువుకి వెంట్ సన్నటి రెక్కలు విరగొచ్చు. చల్లగాలి తగిలిన పరికరాన్ని దించి బయట ఉక్కపోతలోకి తెస్తే స్క్రీన్ మీద చెమ్మ పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, యూఎస్‌బీ రబ్బరు మూత మూసి ఉందో లేదో చూసుకోండి.