కానుకల ఆటలు: తరగతిలో ఒకలా, ఇంట్లో ఒకలా

నేను అనంతపురంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. డిసెంబర్ వచ్చిందంటే పాఠం మధ్యలో కూడా ఎవరో ఒకరు "టీచర్, ఈసారి గిఫ్టుల ఆట ఎప్పుడు?" అని అడుగుతారు. క్రిస్మస్ సెలవు ముందు క్లాసులోనూ, సంక్రాంతికి తాడిపత్రిలో మా పుట్టింట్లోనూ ఈ ఆటలు ఆడించే పని నా మీదే పడుతుంది. రెండు చోట్లా ఒకే ఆట మాత్రం పనికిరాదు. పెద్దవాళ్ల మధ్య లాక్కునేది ఉంటేనే మజా. పిల్లల మధ్య అదే ఆట పెడితే ఏడుపులు.

క్లాసు సంగతి ముందు చెప్తాను, టెన్షన్ ఎక్కువ అక్కడే.

ఒకే బెంచీ మీద అంగడి ఉన్నవాళ్ల అబ్బాయి, కూలికి పోయేవాళ్ల అబ్బాయి పక్కపక్కన కూర్చుంటారు. అందుకని ఎవరు ఏం తెచ్చారో బయటపడకూడదు. మిగతా రూల్స్ అన్నీ దీని తర్వాతే. 30 రూపాయలు దాటొద్దని డైరీలో రాయిస్తాను. రాయించినంత మాత్రాన ఆగరు, కొందరు 200 రూపాయల బొమ్మ పట్టుకొస్తారు. కాబట్టి వస్తువును ప్యాక్ చేయకుండా నా దగ్గరికే తెమ్మంటాను. మరీ ఖరీదైనది అక్కడే వెనక్కి పంపించేస్తాను. మిగతావన్నీ స్టాఫ్ రూములో పాత న్యూస్ పేపర్లో చుట్టేస్తాను. మెరిసే కాగితాలు, రిబ్బన్లు అసలు వద్దు. పొడుగు, పొట్టి తేడా తెలియకుండా చెప్పుల డబ్బాలు కూడా వాడతాను. అంగట్లో అడిగితే ఊరికే ఇస్తారు. చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు, పూసల గొలుసు, ఖాళీ సీసాలో నాటిన మనీ ప్లాంట్ కొమ్మ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. తినేవి వద్దంటాను. బొరుగుల ఉండలు తెస్తే బ్యాగులోనే సగం అయిపోతాయి, మిగిలిన సగానికి చీమలు పడతాయి. నా బీరువాలో నాలుగైదు ప్యాకెట్లు అదనంగా ఉంటాయి, పెన్నో స్కేలో పెట్టి చుట్టినవి. ఏమీ తీసుకురాలేని పిల్ల పొద్దున్నే వచ్చి అందులోంచి ఒకటి తన వంతుగా ఇస్తుంది. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉంటుంది.

ఇక చీటీల ఆట. సీక్రెట్ శాంటా అన్నా, క్రిస్మస్ ఫ్రెండ్ అన్నా ఇదే. అందరి పేర్లూ డబ్బాలో వేసి తలా ఒకటి తీయమంటే చాలాసార్లు ఎవరో ఒకరికి తన పేరే వస్తుంది. క్లాసులో పది మంది ఉన్నా నలభై మంది ఉన్నా, కనీసం ఒక్కరికైనా అలా జరిగే అవకాశం 100కి దాదాపు 63. మళ్లీ కలిపి మళ్లీ తీయిస్తే పీరియడ్ అయిపోతుంది. నేను చేసేది ఇది: చీటీలను బాగా కలిపి, టేబుల్ మీద ఒక వరసగా పరుస్తాను. ప్రతి ఒక్కరూ వరసలో తన తర్వాతి పేరుకి ఇవ్వాలి, చివరి వాళ్లు మొదటి పేరుకి. ఎవరికీ తన పేరు రాదు. ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకోవడమూ ఉండదు. ఇంకో లాభం ఏమిటంటే, ఆ రోజు ఒక పిల్లాడు బడికి రాకపోతే వాడికి ఇవ్వాల్సినవాడు వాడి తర్వాతి పేరుకి ఇచ్చేస్తాడు. వరస తెగదు. వరస రాసిన కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

పొట్లంతో పాటు ఒక చీటీ తప్పనిసరి. దాని మీద తీసుకునే వాళ్ల గురించి ఒక మంచి మాట ఉండాలి, రాసిన వాళ్ల పేరు ఉండకూడదు. "నువ్వు ఖోఖోలో బాగా పరిగెత్తుతావు" అని ఉంటే చాలు. "నువ్వు మంచి దానివి" లాంటివి వెనక్కి ఇచ్చి మళ్లీ రాయిస్తాను. పెన్ను ఏ మూల పోయినా ఆ చీటీని పుస్తకంలో దాచుకునే పిల్లలున్నారు.

చిన్న తరగతులకు కుడి ఎడమల కథ బాగుంటుంది. అందరూ గుండ్రంగా కూర్చుని చేతిలో తలా ఒక పొట్లం పట్టుకుంటారు. టీచర్ కథ చదువుతుంటే "కుడి" అన్నప్పుడల్లా కుడి పక్కవాళ్లకి, "ఎడమ" అన్నప్పుడల్లా ఎడమ పక్కవాళ్లకి పొట్లం అందించాలి. కథ ఆగినప్పుడు చేతిలో ఉన్నదే మీది. కథ మీ ఊరి మీదే రాసుకోండి. నాది ఇలా ఉంటుంది:

"అవ్వ పండగ సరుకులకి బయల్దేరింది. గడప దాటి కుడి వైపు తిరిగింది. కుడి చేతిలో సంచి, ఎడమ చేతిలో మనవడి చెయ్యి. టవర్ క్లాక్ దగ్గరికి వచ్చేసరికి ఎడమ కాలి చెప్పు తెగింది. కుట్టేవాడు కుడి పక్క సందులో ఉంటాడని ఎవరో చెప్పారు. సరే పదరా అని కుడి కాలి చెప్పు కూడా విప్పి సంచిలో వేసింది. ఇంతలో మనవడికి ఎడమ పక్కన బెల్లం అంగడి కనబడింది. చెప్పు మాట మరిచిపోయి, అవ్వ కుడి చేత్తో ఒక బెల్లం ముక్క కొరికింది."

ఇందులో ఐదు కుడులు, మూడు ఎడమలు. అంటే ప్రతి పొట్లమూ చివరికి రెండు స్థానాలు కుడికి జరుగుతుంది. కథ రాసేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. తేడా సున్నా అయినా, సరిగ్గా పిల్లల సంఖ్య అంతే అయినా, ఎవరి పొట్లం వాళ్ల దగ్గరికే వచ్చేస్తుంది! క్లాసుకి అయితే కథ ఇంకాస్త పొడుగు పెట్టుకోండి. చదవడం నిదానంగా, అందుకోవడం అయ్యేదాకా ఆగి.

పాట ఆపే ఆట అందరికీ తెలిసిందే. ఒకే పెద్ద పొట్లానికి పొరలు పొరలుగా కాగితం చుట్టి, పొరకొక చీటీ పెట్టండి: ఒక పొడుపు కథ విప్పాలి, పదమూడో ఎక్కం చెప్పాలి, ఒక వేమన పద్యం చదవాలి. లోపల అందరికీ సరిపోయేలా పెన్సిళ్లు పెడితే గెలిచినవాడే పంచుతాడు.

ఇప్పుడు ఇల్లు. కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నిద్రలు ముంచుకొచ్చే లోపల మొదలుపెట్టాలి. మాకు పరిమితి 200 రూపాయలు. అమెరికాలో వైట్ ఎలిఫెంట్ అనీ యాంకీ స్వాప్ అనీ అంటారట, మేము లాక్కునే ఆట అంటాం. పొట్లాలన్నీ చాప మీద పెట్టి, తలా ఒక నంబర్ చీటీ తీస్తాం. ఒకటో నంబర్ వాళ్లు ఒక పొట్లం తెరిచి అందరికీ చూపిస్తారు. రెండో వాళ్లు కొత్తది తెరవొచ్చు, లేదా ఒకటో వాళ్లది లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ ఇంకోటి తెరవాలి, లేదా మూడో మనిషి దగ్గర లాక్కోవాలి. పోయింది వెంటనే తిరిగి లాక్కోకూడదు. ఒక వస్తువు మూడు సార్లు చేతులు మారితే అక్కడితో అది ఆ చేతిలోనే ఉండిపోతుంది. ఈ రూల్ పెట్టకపోతే సాయంత్రం టీ దాకా ఒకే స్టీల్ క్యారియర్ చుట్టూ తిరుగుతారు. ఒకటో నంబర్‌కి తన వంతులో లాక్కునే అవకాశమే రాలేదు కాబట్టి చివర్లో వాళ్లకి ఒకసారి మార్చుకునే అవకాశం ఇవ్వండి.

ఏం పెట్టాలి? రకరకాలుగా ఉంటేనే పోటీ. మా ఇంట్లో ఎక్కువ యుద్ధం జరిగేది నిమ్మలకుంట తోలుబొమ్మ చిన్నది పెట్టినప్పుడు, ఆ తర్వాత మంచి టార్చిలైట్‌కి. ఒకటి రెండు వేళాకోళపు పొట్లాలు కూడా పడాలి: ఆరు పొరల కాగితంలో ఒక చీపురు, దాని పిడికి కట్టిన వంద నోటు. చీర, చొక్కా లాంటివి వద్దు. సైజు, రంగు, "నాకెందుకు పెట్టలేదు" అన్నీ మొదలవుతాయి.

పన్నెండేళ్ల లోపు పిల్లల్ని ఈ ఆటలో కలపకండి. వాళ్లకి అదే సమయంలో పక్క గదిలో హౌసీ పెట్టండి. గెలిచిన వరసలో వచ్చి కానుక ఏరుకుంటారు, ఆఖరి వాడికీ ఒకటి మిగిలేలా లెక్క చూసుకోండి. కొత్త అల్లుడు ఉంటే ఆట మొదలయ్యే ముందే "లాక్కుంటే ఏమనుకోవద్దు నాయనా" అని ఒక మాట వేసి ఉంచాలి. ఆట ముగిశాక ఎవరికి వాళ్లు బేరం చేసి మార్చుకోవచ్చు, అడ్డం చెప్పకండి. మా చిన్నాయన ఆటలో గమ్మున కూర్చుని, అసలు వ్యాపారమంతా కాఫీ దగ్గరే నడుపుతాడు.