నగరానికి భూకంప ముప్పు ఎంత? వీధి వీధికీ అంచనా వేసే విధానం

భూకంపం మాట రాగానే అందరూ మొదట అడిగేది దాని తీవ్రత ఎంత ఉండవచ్చని. కానీ నగరానికి ఉన్న ముప్పు ఆ ఒక్క అంకెతో తేలదు. 2010 జనవరిలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపం హైతీలో లక్ష మందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి నెలలోనే చిలీని కుదిపిన 8.8 తీవ్రత భూకంపం, విడుదలైన శక్తిలో దానికి దాదాపు 500 రెట్లు పెద్దదైనా, అక్కడ మృతులు కొన్ని వందల మందే. హైతీలో అది రాజధాని పక్కనే పుట్టడం ఒక కారణం కాగా, కట్టడాల నాణ్యతలో ఉన్న తేడా మరో ప్రధాన కారణం. అందువల్ల నేల ఎలా ఊగుతుంది, దాని మీద ఏయే కట్టడాలున్నాయి, అవి ఎలా దెబ్బతింటాయి, ఆ సమయానికి లోపల ఎవరుంటారు అన్న నాలుగు ప్రశ్నలకూ విడివిడిగా జవాబులు రాబట్టిన తర్వాతే అంచనాకు రావాలి.

మొదటి ప్రశ్నకు ఆధారం భూకంప జోన్ల మ్యాపు. చాలా దేశాల నిర్మాణ నియమావళులు 50 ఏళ్లలో 10 శాతం సంభావ్యత ఉన్న కుదుపును ప్రమాణంగా తీసుకుంటాయి. దీన్నే 475 ఏళ్ల ఆవృత్తి అంటారు. అంటే 475 ఏళ్లకు ఒకసారే వస్తుందని అర్థం కాదు. ఆ కుదుపు రేపే రావచ్చు.

జోన్ మ్యాపు నగరమంతటికీ ఒకే రంగు వేస్తుంది గానీ, నేల మాత్రం వీధి వీధికీ మారుతుంది. 1985 సెప్టెంబరు 19న వచ్చిన భూకంప కేంద్రానికి మెక్సికో సిటీ 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, పూర్వం సరస్సు ఉన్న చోటి మెత్తటి బంకమట్టి ఆ కంపనాలను ఎన్నో రెట్లు పెంచింది. ఆ నేల ఊగే వేగానికి దగ్గరగా ఊగే మధ్యస్థపు ఎత్తు భవనాలే అక్కడ ఎక్కువగా కూలాయి. కాబట్టి పాత మ్యాపులు తెచ్చి, పూడ్చిన చెరువులను, వాగులను ఇప్పటి వీధుల మీద గుర్తించండి. పునాదుల కోసం తీసిన బోరు రికార్డులను కూడా సేకరించండి. వాటిలో మట్టి రకం, నీటిమట్టం, నేల గట్టిదనం తెలుసుకోవడానికి బోరులో దించిన పరీక్ష గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క ఉంటాయి. దెబ్బలు తక్కువగా ఉండి, వదులు ఇసుక, పైపైనే నీరు ఉన్నాయంటే, కుదుపులకు ఆ నేల ద్రవంలా మారవచ్చు. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు పెద్దగా విరగకుండానే పక్కకు ఒరిగిపోయింది ఇందువల్లే.

అసలు శ్రమ భవనాల సర్వేలో ఉంది; నా దృష్టిలో సమయంలో అధికభాగం దీనికే కేటాయించాలి. ఇద్దరేసి చొప్పున కాలినడకన వెళ్లి, ప్రతి భవనం కట్టిన ఏడాదిని, అంతస్తులను, నిర్మాణ పద్ధతిని, ఆకారాన్ని ఫారంలో నింపండి. పార్కింగు కోసం కింది అంతస్తును ఖాళీగా వదిలిన భవనం కనిపిస్తే ఆగి, లోపలికి వెళ్లి చూడండి. పై అంతస్తుల్లో గోడలు పిల్లర్లను బిగించి ఉంచుతాయి, కింద ఆ ఆసరా ఉండదు కాబట్టి ఊగిసలాట భారమంతా ఆ నాలుగు పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, కేంద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్టుమెంట్లు కూలిపోయాయి. పిల్లర్ పైకొసలో, బీము కలిసే చోట టార్చి వేసి చూడండి. తుప్పు మరకలు, నిలువు పగుళ్లు ఉన్నాయా? పెచ్చులూడిన చోట, నిలువు కడ్డీల చుట్టూ బిగించిన ఇనుప రింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయా, వాటి కొసలు లోపలి కాంక్రీటులోకి వంగి ఉన్నాయా? కొసలు 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే పెద్ద కుదుపుకు రింగు విప్పుకుపోతుంది. కిటికీ కింది సగం గోడ వల్ల పొట్టిగా మిగిలిన పిల్లర్లను, జానెడు సందు కూడా లేకుండా ఆనుకొని, అంతస్తుల మట్టాలు కలవని పక్క భవనాలను కూడా నమోదు చేయండి.

జనాభాను ఒకే అంకెగా రాయవద్దు. అర్ధరాత్రి ఇళ్లకు, పగలు బడులకు, కార్యాలయాలకు వేర్వేరు లెక్కలు కావాలి. ఆసుపత్రులు, వంతెనలు, నీటి పైపులది ప్రత్యేక జాబితా; 1995లో జపాన్‌లోని కోబేలో పైపులు పగిలి, మంటలార్పడానికి నీరు కరువైంది.

చివరగా ఈ వివరాలన్నిటినీ ఒకే మ్యాపు మీద పేర్చి, ఒక్కో రకం భవనానికి ఏ స్థాయి కుదుపులో ఎంత నష్టమో లెక్కించండి. ఫలితాన్ని కచ్చితమైన అంకెగా కాక, కనిష్ఠ గరిష్ఠ పరిమితులతో చెప్పడమే నిజాయితీ. మెత్తటి నేల, బలహీనమైన పిల్లర్లు, ఎక్కువ జనం, ఈ మూడూ కలిసిన భవనాలను ముందుగా స్ట్రక్చరల్ ఇంజనీరు చేత క్షుణ్ణంగా పరీక్షించాలి. సర్వే ఫారాలను భద్రపరచండి. కింది అంతస్తులో ఎవరైనా గోడ కొట్టేసినా, పైన మరో అంతస్తు లేపినా ఆ భవనం అంచనాను మళ్లీ మొదటి నుంచి వేయాలి.