మ్యాటర్ పేజీలో పెట్టగానే ఒత్తులు విడిపోతున్నాయా?

సావనీర్ పని మీద కూర్చుంటే మ్యాటర్ తలో రకంగా వస్తుంది. సెక్రటరీ గారి మాట వాట్సాప్‌లో, అధ్యక్షుల వారి సందేశం పాత అను ఫాంట్ల ఫైల్లో, వ్యాసాలు వర్డ్‌లో. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పెట్టగానే ఏదో ఒకటి చెడుతుంది. టెన్షన్ పడి ఫాంట్లు మారుస్తూ కూర్చోకండి, ఏం చెడిందో ముందు చూడండి.

‘క్ష’ రావాల్సిన చోట క, పొల్లు, ష విడివిడిగా కనిపిస్తే ఫాంటును తిట్టుకోవద్దు, అది కంపోజర్ (అక్షరాల్ని లైన్లలో పేర్చే సెట్టింగ్) గొడవ. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. నేనైతే పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే, జస్టిఫికేషన్ దగ్గర, పెట్టేస్తాను. గులాబీ రంగు డబ్బాలు కనిపిస్తే మాత్రం ఆ ఫాంటులో తెలుగు లేదన్నమాట. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ (ఇప్పుడు అన్నిచోట్లా వాడే అక్షర సంకేతాల) ఫాంటు ఇస్తే సరిపోతుంది.

అను మ్యాటర్ ఇంగ్లిష్ గుర్తుల్లా, పిచ్చిపిచ్చిగా కనిపిస్తుంది. దాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. అయితే మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు, ఈమెయిల్ అడ్రసులు కూడా అర్థం లేని తెలుగైపోతాయి. వాటిని ముందే పక్కన రాసుకుని తర్వాత చేత్తో కొట్టండి.

వర్డ్ ఫైలును కాపీ పేస్ట్ చేయకుండా ఫైల్ మెనూలోని ప్లేస్‌తో తెచ్చుకోండి. ‘షో ఇంపోర్ట్ ఆప్షన్స్’ టిక్ చేస్తే స్టైల్స్, ఫార్మాటింగ్ తీసేసే వీలు ఉంటుంది. బోల్డ్, ఇటాలిక్ కూడా పోతాయి కాబట్టి సందేశాలకు అది హాయి, శ్లోకాలున్న వ్యాసానికి వద్దు. ఆ తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఐ నొక్కితే దాగిన ఎంటర్లు, స్పేసులు బయటపడతాయి. హెడ్డింగును మధ్యకు తేవడానికి స్పేస్ బార్ కొట్టుకుంటూ పోయేవాళ్లు ఇంకా ఉన్నారు! ఫైండ్/చేంజ్‌లోని గ్రెప్ (నమూనాను బట్టి వెతికే) క్వెరీల్లో ‘మల్టిపుల్ రిటర్న్ టు సింగిల్ రిటర్న్’ నడిపితే ఖాళీ లైన్లు పోతాయి. కవితల మీద నడిపితే మాత్రం చరణాలు కలిసిపోయి కవి ఫోన్ చేస్తాడు.

చాలామంది ప్రూఫ్‌లో కూడా పట్టుకోలేనిది ఇంకొకటి: ‘మార్కెట్‌లో’ అన్నది ‘మార్కెట్లో’ అయి, ట కింద లావత్తు పడుతుంది. మ్యాటర్ కన్వర్టర్లు దాటి వచ్చేసరికి మధ్యలో ఉండే, కంటికి కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) రాలిపోతుంది. ఫైండ్/చేంజ్‌లో తప్పు పదం మొత్తం ఇచ్చి, చేంజ్ టు పెట్టె పక్కనున్న మెనూలో అదర్ కింద నాన్-జాయినర్ తీసుకుని ‘ట్’ తర్వాత పెట్టండి. ఊరికే ‘ట్లో’ వెతికి చేంజ్ ఆల్ కొడితే ‘ఇంట్లో’, ‘నోట్లో’ కూడా విరిగిపోతాయి. ఒక్కో పదంగా చేసుకోవడమే మేలు.

పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే గుణింతాలు, ఒత్తులు తారుమారవుతాయి. దానితో కుస్తీ పట్టకుండా అసలు ఫైలు అడగండి. లేదంటే టైపింగ్‌కు ఇచ్చి, ఆ ఖర్చు ముందే చెప్పేయండి.