నాట్యం చేసే బార్డ్‌కు కవచం వద్దు
విజయవాడ, గుంటూరుల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ పాత్రలు పోషించే ఆట) ఆడే మిత్రులు 2024 నియమాల ప్రకారం కాలేజ్ ఆఫ్ డాన్స్ బార్డ్‌ను, అంటే నాట్యంతో మంత్రశక్తి చూపే కళాకారుడి పాత్రను, తయారు చేసుకుంటున్నట్లయితే, మొదట డెక్స్‌టెరిటీని (చురుకుదనాన్ని), దాని వెంటనే కరిస్మాను (ఆకర్షణశక్తిని) పెంచుకోవాలి. మూడవ స్థాయి నుంచి కవచం, డాలు లేనంతసేపు ఆర్మర్ క్లాస్‌లో (దెబ్బ తగలాలంటే శత్రువు చేరుకోవాల్సిన అంకెలో) 10కి ఈ రెండింటి మాడిఫయర్లు (ఆ సామర్థ్యాలను బట్టి వచ్చే అంకెలు) కలుస్తాయి. రెండూ +3 అయితే 16 వస్తుంది, అదే తోలు కవచం తొడిగితే 14 దగ్గరే ఆగిపోవడమే కాక, నాట్యం వల్ల వచ్చే తక్కిన లాభాలూ పోతాయి.

అసలు బలం మరొకచోట ఉంది. బోనస్ యాక్షన్‌తో (తన వంతులో చేసే అదనపు చిన్న పనితో) 60 అడుగుల లోపున్న సహచరుడికి బార్డిక్ ఇన్‌స్పిరేషన్ (సహచరుడు తన పాచికకు కలుపుకొనే ప్రోత్సాహక పాచిక) ఇచ్చినప్పుడు, దానితోపాటే పక్కనున్న శత్రువును ఆయుధం లేకుండా ఒక దెబ్బ కొట్టవచ్చు. ఆ దెబ్బ నష్టాన్ని ఇన్‌స్పిరేషన్ పాచిక వేసి, డెక్స్‌టెరిటీ మాడిఫయర్ కలిపి లెక్కిస్తారు, అందుకు వేసిన పాచిక ఖర్చు కాదు. కాబట్టి ముందు శత్రువు పక్కకు చేరి, ఆ తరువాతే ఇన్‌స్పిరేషన్ ఇవ్వాలి. అయిదవ స్థాయి వచ్చేదాకా ఖర్చయిన ఇన్‌స్పిరేషన్లు దీర్ఘ విశ్రాంతి తరువాతే తిరిగి వస్తాయి గనుక, చిన్న గొడవల్లో వాటిని ఖర్చు చేయకండి.

ఆరవ స్థాయిలో ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేసేటప్పుడు ఒక ఇన్‌స్పిరేషన్ ఖర్చు పెడితే, మీకూ, 30 అడుగుల లోపు మిమ్మల్ని చూడగల లేదా వినగల సహచరులకూ ఆ ఇన్‌స్పిరేషన్ పాచిక విలువ ఇనిషియేటివ్‌లో కలుస్తుంది. మన కృష్ణా జిల్లాలో పుట్టిన కూచిపూడిలో పాత్ర తనను తాను పరిచయం చేసుకుంటూ రంగస్థలం మీదికి వచ్చే ప్రవేశ దరువు ఉంది కదా, ఈ ఘట్టాన్ని ఆ పద్ధతిలో వర్ణిస్తే బాగా నప్పుతుంది. పళ్ళెం మీద తరంగాన్ని మాత్రం, నాట్యానికి సంబంధించిన పెర్ఫార్మెన్స్ పరీక్షల్లో అడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) దొరుకుతుంది గనుక, రాజసభలో కొలువు సంపాదించాల్సిన సమయానికి దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం.