మీ వీధిలో మూడు వాటాల ఇళ్లు రావాలా? హియరింగ్‌కి వెళ్లే ముందు

అమెరికాలో ఏదో సబర్బ్‌లో ఉంటున్నారు. ఇంతకాలం ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లే కట్టాలన్న మీ వీధుల్లో ఇకమీదట రెండు, మూడు, నాలుగు వాటాల ఇళ్లు కూడా కట్టుకోనిద్దామని సిటీ ప్రతిపాదన పెట్టింది, హియరింగ్ (జనం అభిప్రాయాలు వినే సభ) తేదీ కూడా వచ్చేసింది. మీరు ఏ పక్షమైనా సరే, వాట్సాప్‌లో తిరిగే సారాంశం వదిలేసి అసలు ముసాయిదా తెరవండి.

ఎన్ని వాటాలన్న అంకె దగ్గరే ఆగిపోకండి. ఎత్తు ఎంత, చుట్టూ ఎంత జాగా వదలాలి, స్థలంలో ఎంత భాగం కట్టొచ్చు, వాటాకి ఎన్ని కార్లకు పార్కింగ్ చూపాలి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. మూడు వాటాలకు ఒప్పుకుని, కట్టడం సైజు మాత్రం ఒంటి ఇంటికి ఉన్నంతే ఉంచితే బిల్డర్‌కి గిట్టుబాటు కాదు. మినెసోటాలోని మినియాపొలిస్ నగరం 2020 నుంచి ఇళ్ల స్థలాల్లో మూడు వాటాల దాకా అనుమతిచ్చినా అలాంటివి లేచింది కొద్దిగానే, కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం వచ్చింది పెద్ద అపార్ట్‌మెంట్లలో. వీధి రాత్రికి రాత్రే మారిపోతుందని టెన్షన్ పడేవాళ్లూ, అద్దెలు వెంటనే దిగుతాయని ఆశపడేవాళ్లూ ఇద్దరూ చూడాల్సిన ఉదాహరణ ఇది.

రాష్ట్ర చట్టం కూడా చూసుకోండి. ఒరెగాన్ 2019లో చేసిన చట్టం 25,000 జనాభా దాటిన నగరాల్లో నాలుగు వాటాల దాకా ఒప్పుకోవాల్సిందే అంది, కాలిఫోర్నియాలో ఒంటి ఇళ్ల స్థలాల్లో రెండు వాటాలు కట్టనిచ్చే, స్థలాన్ని రెండుగా విడగొట్టనిచ్చే చట్టం, ఎస్‌బీ 9, 2022 నుంచి అమల్లో ఉంది. అలాంటిచోట "అసలు వద్దు" అని సిటీ మీద అరిచి లాభం లేదు, వాళ్ల చేతిలో ఉన్నది ఎలా కట్టాలన్నదే, కాబట్టి వాననీరు ఎటు పోవాలి, ఏ చెట్లు ఉంచాలి లాంటివి అడగండి. మీకు హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉంటే దాని పత్రాలూ తీయండి, జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే సిటీ నిబంధనలు) మారినా ఆ షరతులు చాలాచోట్ల అడ్డుపడతాయి.

మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. "ట్రాఫిక్ పెరుగుతుంది" అంటే ఎవరూ రాసుకోరు, ఫలానా కూడలిలో బడి వదిలే వేళ ఇదీ పరిస్థితి అంటే రాసుకుంటారు. అనుకూలంగా మాట్లాడేవాళ్లు ఎదుటివాళ్లను స్వార్థపరులని తిట్టకండి (నిజమే అయినా సరే, ఓటు రాదు), ముసాయిదాలో ఏ క్లాజు ఎలా మార్చాలో చెప్పండి. అదే మాట ముందురోజే కౌన్సిల్ సభ్యులకు ఈమెయిల్ చేయండి, చాలామంది హియరింగ్‌కి వచ్చేసరికే ఒక నిర్ణయంతో ఉంటారు.