నాపాటెక్ కార్డుతో సురికాటా: డ్రాపులు సున్నా అయితే సరిపోదు

సురికాటా అంటే నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను రూల్స్‌తో పోల్చి, దాడి జాడ కనబడితే అలర్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్. నాపాటెక్ దానికి ట్రాఫిక్ అందించే నెట్‌వర్క్ కార్డు. మొదటిసారి నేను ఈ జోడీని నడిపినప్పుడు ఒక్క ప్యాకెట్ కూడా డ్రాప్ కాలేదు, అంటే చదవకుండా జారిపోలేదు. అయినా రావాల్సిన అలర్టులు రాలేదు. రెండు రోజులు రూల్స్‌నే అనుమానించాను. తప్పు అక్కడ లేదని సురికాటా తన లెక్కలు రాసుకునే స్టాట్స్ లాగ్ చెప్పింది. అదేమిటో కింద చెబుతాను, ముందు ఇన్‌స్టలేషన్.

10 గిగాబిట్ లింక్ మీద 64 బైట్ల ఫ్రేములే వస్తే సెకనుకు దాదాపు 1.48 కోట్ల ప్యాకెట్లు. మామూలు కార్డయితే అవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ దారిలో రావాలి. ఈ కార్డు వాటిని నేరుగా హోస్ట్ బఫర్లలో, అంటే మెమరీలో ప్యాకెట్ల కోసం పక్కన పెట్టిన చోట్లలో, వేసేస్తుంది.

డ్రైవర్‌తో మొదలుపెట్టండి. రన్ అవుతున్న కెర్నల్ వెర్షన్‌కే సరిపోయే హెడర్లు (కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు) ఉండాలి, లేకపోతే డ్రైవర్ మాడ్యూల్ బిల్డ్ కాదు. డ్రైవర్ 'ఆప్ట్' కింద 'నాపాటెక్3' ఫోల్డర్‌లో కూర్చుంటుంది. అందులోని స్టార్ట్ స్క్రిప్టు నడిపి, దానితోపాటే వచ్చే మానిటరింగ్ టూల్ తెరవండి. పోర్టుకు లింక్ వచ్చి ప్యాకెట్ల లెక్క పెరుగుతుండాలి. అది పెరిగేదాకా సురికాటా జోలికి వెళ్లొద్దు. ఈ ఒక్క క్రమం పాటిస్తే తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని సగం తగ్గుతుంది.

లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే రెడీమేడ్ సురికాటా ప్యాకేజీలో మామూలుగా ఈ కార్డుకు సపోర్ట్ ఉండదు. సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి. కాన్ఫిగర్ దశలో నాపాటెక్ ఆప్షన్ ఆన్ చేసి, డ్రైవర్ ఫోల్డర్‌లోని హెడర్లకూ లైబ్రరీలకూ దారి చూపించండి. ఇన్‌స్టాల్ అయ్యాక బిల్డ్ ఇన్ఫో అడిగితే నాపాటెక్ ఎదురుగా 'యెస్' కనబడాలి.

ఇక నా రెండు రోజులు తినేసిన సంగతి. కార్డు ట్రాఫిక్‌ను స్ట్రీములుగా పంచుతుంది, ఒక్కో స్ట్రీమ్‌ను ఒక్కో వర్కర్ థ్రెడ్ చదువుతుంది. ఎవరికి ఏది వెళ్లాలో తేల్చేది హ్యాష్, అంటే ప్యాకెట్‌లోని అడ్రసుల్లాంటి వివరాల నుంచి లెక్కగట్టే ఒక విలువ. నేను పెట్టిన హ్యాష్, సోర్స్-డెస్టినేషన్ అడ్రసుల వరుసను పట్టించుకునే రకం. దాంతో రిక్వెస్టు ఒక థ్రెడ్‌కూ, దాని జవాబు ఇంకో థ్రెడ్‌కూ పోయాయి. ఏ థ్రెడ్‌కూ పూర్తి సంభాషణ అందకపోతే టీసీపీ స్ట్రీమ్ కూర్పే జరగదు, అలర్టెక్కడిది? 'హ్యాష్5టపుల్‌సార్టెడ్' పెట్టండి. వెళ్లే దిశా, వచ్చే దిశా రెంటికీ అదే విలువ వస్తుంది.

తర్వాత న్యూమా, అంటే ఒక్కో ప్రాసెసర్‌కు దగ్గరి మెమరీ వేరుగా ఉండే ఏర్పాటు; అలా ఒక ప్రాసెసర్, దాని మెమరీ కలిస్తే ఒక నోడ్. రెండు సాకెట్ల సర్వర్‌లో కార్డు ఏ నోడ్‌కు తగిలించి ఉందో, హోస్ట్ బఫర్లూ వర్కర్ థ్రెడ్లూ ఆ నోడ్‌లోనే ఉంచండి. డ్రైవర్ సర్వీస్ ఇనీ ఫైల్‌లో హోస్ట్ బఫర్లకు మూడు అంకెలుంటాయి: ఎన్ని, ఒక్కోటి ఎన్ని మెగాబైట్లు, ఏ నోడ్. మార్చాక సర్వీస్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

గంటసేపు నిజమైన ట్రాఫిక్ మీద నడిపి, స్టాట్స్ లాగ్‌లో 'టీసీపీ ప్యాకెట్ ఆన్ రాంగ్ థ్రెడ్' కౌంటర్ చూడండి. నన్ను ఒడ్డున పడేసింది ఇదే. హ్యాష్ మార్చాక కూడా కొద్దికొద్దిగా పెరుగుతుంటే ముక్కలైన ప్యాకెట్లను అనుమానించండి. ఈ హ్యాష్ పోర్ట్ నంబర్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కానీ మొదటి ముక్క తర్వాత వచ్చే వాటిలో అవి ఉండవు కదా. అలాంటి ట్రాఫిక్ ఎక్కువుంటే ఐపీ అడ్రసులు రెండింటినే లెక్కలోకి తీసుకునే సార్టెడ్ హ్యాష్‌కు మారండి. అప్పుడు బాగా మాట్లాడుకునే రెండు మెషీన్ల బరువంతా ఒకే థ్రెడ్ మీద పడుతుంది. ఆ కోర్‌ను ఓ కంట కనిపెట్టి ఉండాలి.